చిటికె ఆగిన వరుస

క్రీ.శ. 2094 నాటికి అంగారకుడి మీది స్థావరంలో గాలికీ, నీటికీ, దీపాలకూ కావలసిన ప్రోగ్రాములన్నీ ‘పలక’ అనే ఒకే టెక్స్ట్ ఎడిటర్‌లో రాసేవారు. దాని అమరికల ఫైలు అరవై మూడు వేల వరుసలు. వచ్చిన ప్రతి ఇంజనీరూ నాలుగు వరుసలు చేర్చినవాడే గాని, ఒక్కటి తీసినవాడు లేడు. పైగా యంత్రం చదవకుండా వదిలేసే వ్యాఖ్యల్లో ఒకరినొకరు వెక్కిరించుకోవడం అక్కడి ఆచారం. కావలసిన వరుస దొరికేసరికి టీ చల్లారిపోయేది.

ఆ వెక్కిరింతలంటే యువ ఇంజనీరు మెహరున్నీసాకు ప్రాణం. వాటిని ఎవరూ చెరిపేయకుండా కాపాడటానికే ‘చిటికె’ను కనిపెట్టింది. అది నుదుటికి కట్టుకునే పట్టీ. మెదడు సంకేతాలను చదివి, క్షణంలో కావలసిన వరుస దగ్గరికి తీసుకుపోతుంది.

“నోటిమాటతో పనిలేదు సార్. మనసు దేన్ని వెతుకుతోందో అదే చూపిస్తుంది,” అంది గర్వంగా.

చీఫ్ ఇంజనీరు పేర్రాజు పెదవి విరిచాడు. “ఇది పనిచేయకపోతే సాయంత్రానికి ఆ వ్యాఖ్యలన్నీ చెరిపేస్తానమ్మాయ్. ఫైలు సగానికి తగ్గుద్ది. పనికిమాలిన కబుర్లూ అవీనూ!”

పట్టీ కట్టుకుని, “ఏదీ, గాలిపంపు షార్ట్‌కట్లు చూపించమను,” అన్నాడు.

తెర మీద 41,306వ వరుస నిలిచింది. గాలిపంపు ఊసే లేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే వరుస. మెహరున్నీసా పట్టీ వైపు వంగింది.

“చిటికే, ఎందుకు తప్పుతున్నావ్?”

“తప్పలేదు,” అంది యంత్రం. “పలక చిట్టాలో చూశాను. మూడేళ్లుగా ఈయన ఏ పని మీద ఫైలు తెరిచినా ముందు ఇక్కడికే వస్తున్నారు. ఆరేసి నిమిషాలు ఆగుతున్నారు. ఇప్పుడూ ఈయన మనసు ఇక్కడే ఉంది.”

ఆమె ఆ వరుస చదివింది. ‘అక్షరాల సైజు ఎవరూ తగ్గించకండి. మా ఆయనకు చత్వారం వచ్చింది, చచ్చినా ఒప్పుకోడు. – చంద్రకళ.’

చంద్రకళ పేర్రాజు భార్య. పలకను తయారుచేసిన మనిషి. పోయి మూడేళ్లయింది.

“ఇప్పటికీ ఒప్పుకోను,” అని పేర్రాజు కళ్లు తుడుచుకున్నాడు. చిటికె అనుమతి పత్రం మీద సంతకం పెట్టి, కింద ఒక షరతు రాశాడు. ఈ ఒక్క వరుసకు మాత్రం చిటికె పనిచేయకూడదట.

“అదేంటి సార్? క్షణంలో చేరిపోవచ్చుగా?”

“పైనుంచి ఒక్కో వరుసా దిగి రావాలి గదమ్మా. దారి పొడుగునా తన వ్యాఖ్యల్లో చంద్రకళ నన్ను తిడుతూనే ఉంటది.”