వస్తాను అన్నాక విచ్చిన పువ్వు

అంగారకుడి మీద కొత్తరేవు ఊళ్లో చలికాలం వచ్చిందంటే ఇక అయిపోయినట్టే. ఊరిని కప్పిన గాజు గోపురం మీద మంచు పేరుకుంటుంది, జనం లోపలే మసలుతూ అయినదానికీ కానిదానికీ విసుక్కుంటారు. అలాంటి చలిలో గదిలో ట్యూలిప్పులు పూయిస్తానని బయల్దేరింది శాస్త్రవేత్త వకుళ. పిచ్చి కాకపోతే ఏమిటి?

ట్యూలిప్ గడ్డది మహా మొండితనం. నెలల తరబడి చలిలో వణికితే గానీ పూయదు. వకుళ కనిపెట్టిన ‘శీతమాయ’ యంత్రం గడ్డలోని జన్యువులకు సంకేతాలు పంపి, చలికాలం వచ్చి వెళ్లిపోయిందని ఒక్క పూటలో నమ్మిస్తుంది. ఆపైన మొగ్గను విచ్చకుండా పట్టి ఉంచుతుంది. అది విచ్చే ముహూర్తం మాత్రం యంత్రం సొంత పెత్తనమే. గదికి వచ్చేపోయేవాళ్ల మాటలు వింటూ తానే నేర్చుకుని నిర్ణయిస్తుంది.

ఆ రోజు పంటల అధికారి పరాంకుశం తనిఖీకి వచ్చాడు. పువ్వు కనబడకపోతే గదిని బంగాళాదుంపల సాగుకు తీసేసుకుంటారు. వకుళ ఇన్నేళ్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆయన కాఫీ తాగాడు. బజ్జీలు తిన్నాడు. మొగ్గ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“పూయించవే!” గుసగుసగా బతిమాలింది వకుళ.

“ఇంకా వేళ కాలేదు,” అంది శీతమాయ.

“చూడమ్మాయ్, మొగ్గల్ని కూర వండుకోలేం కదా. గది దుంపలకిచ్చేద్దాం. ఏమీ అనుకోకు,” అని పరాంకుశం లేచాడు. “సరే, వస్తానమ్మా.”

వకుళకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన గుమ్మం దగ్గర ఒక కాలికి బూటు తొడుక్కుని ఆగాడు.

“అన్నట్టు, మీ అమ్మగారి మోకాళ్లెలా ఉన్నాయి?”

“పర్లేదు సార్. మీ ఇంట్లో అంతా కులాసానా?”

“ఏం కులాసా! చలి మొదలైన దగ్గర్నుంచీ మా ఆవిడ నోరే విప్పట్లేదు. వండుతుంది, పెడుతుంది, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఏం చెయ్యాలో తోచట్లేదమ్మా.”

అప్పుడు విచ్చుకుంది మొగ్గ. పసుప్పచ్చగా, నిండుగా. పరాంకుశం నోరు తెరుచుకుని చూశాడు. బూటు విప్పేసి లోపలికొచ్చాడు.

“దీన్ని మా ఆవిడకు చూపించొచ్చా? దుంపలకి ఇంకో చోటు చూస్తాలే.”

కుండీ పట్టుకుని ఆయన వెళ్లగానే వకుళ యంత్రం మీద విరుచుకుపడింది. “కాఫీ తాగేటప్పుడే పూయించి చావొచ్చుగా! నా ప్రాణాలు పోయాయి!”

“కాఫీ తాగేటప్పుడు ఆయన అధికారి,” అంది శీతమాయ. “ఎన్నాళ్లుగా వింటున్నానో. మీవాళ్లు కూర్చున్నంతసేపూ పని మాటలే. మనసులో మాట వస్తానని లేచాకే. వెళ్తూ వస్తానంటారెందుకో మొదట్లో నాకు బోధపడలేదు. మనిషి నిజంగా వచ్చేది అప్పుడేనన్నమాట.”

“చాల్లే నీ వేదాంతం! వస్తాను, ఇంట్లో పనుంది,” అని వకుళ నవ్వుతూ లేచింది. లేచి, తలుపు పట్టుకుని, ఇంకో గంట ఆ యంత్రంతో కబుర్లు చెప్పింది.