నాన్న పోసిన ఐసు

బడి గంట కొట్టగానే కెర్తు అందరికంటే ముందు బయటికి పరుగెత్తింది. బడి వెనకున్న మైదానం నల్లగా, అద్దంలా మెరుస్తోంది. చుట్టూ ఎర్ర తాడు కట్టి ఉంది.

"చూశావా? అదంతా మా నాన్న పోసిన ఐసే," అంది వెనకాలే వచ్చిన స్నేహితుడు ఓయివతో. "తొమ్మిది రోజులు పోశాడు. ఒక్క రోజు కూడా మానలేదు."

నిజమే. ఫిన్లాండ్‌లో మారుమూలనున్న ఆ చిన్న ఊళ్లో స్కేటింగ్ మైదానం కావాలంటే ఊరివాళ్లే తయారు చేసుకోవాలి. ఈ ఏడాది వంతు కెర్తు నాన్న ఉర్హోది. పాల లారీ దిగి, భోజనమైనా చేయకుండా వచ్చి, పైపు పట్టుకుని పొరమీద పొరగా నీళ్లు చల్లేవాడు. మీసాలకు కూడా ఐసు పట్టేది.

"రేపు అందరికంటే ముందు నేనే దిగుతా," అంది కెర్తు.

"దిగు దిగు. నీ తర్వాత నేను," అని ఓయివ కాళ్లకు స్కీలు తగిలించుకుని, అడవి దారిన జారుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

కెర్తు ఒక్కతే మిగిలింది. ఆఖరి పొర ఆ మధ్యాహ్నమే పోస్తానని, తెల్లారేదాకా ఎవరూ కాలు పెట్టొద్దని పొద్దున నాన్న మరీ మరీ చెప్పాడు. కానీ ఐసు చూస్తుంటే పాదాలు ఆగడం లేదు.

'గట్టిపడిందో లేదో చూస్తే తప్పేముంది?' అనుకుని తాడు కింద నుంచి దూరింది.

కొంత దూరం ఏమీ కాలేదు. మైదానం మధ్యకు వచ్చేసరికి కాలి కింద ఫటుక్కుమంది. పైపొర విరిగి, బూటు నీళ్లలో దిగబడింది. భయపడి వెనక్కి పరుగు తీసింది. ఐసు గట్టిగా ఉన్న చోటు చేరేదాకా వేసిన అడుగల్లా గుంట పడింది. మొత్తం ఐదు గుంటలు.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"సాక్సులు అలా తడిశాయేంటే?" అని ఇంటికెళ్లాక అమ్మ అడిగింది.

"మంచులో ఆడుకున్నా," అంది కెర్తు.

శనివారం పొద్దున ఊరంతా స్కేట్లు భుజాన వేసుకుని వచ్చింది. గుంటల్లోకి ఊరిన నీళ్లు రాత్రికి ఎగుడుదిగుడుగా గడ్డకట్టాయి. అవి అడుగులని ఇప్పుడు ఎవరూ పోల్చుకోలేరు.

బడి బాగోగులు చూసే ఐలా మామ్మ వంగి, వాటిని తడిమి చూసింది.

"ఆఖరి పొర మందంగా పోశావయ్యా ఉర్హో. పైన గట్టిపడింది, కింద నీళ్లు ఉండిపోయాయి. అందుకే కుంగింది."

"లారీ నడిపినంత తేలికనుకున్నాడు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు.

నాన్న టోపీ తీసి తల గోక్కున్నాడు. "తొందరపడ్డాననుకుంటా. తప్పు నాదే. పిల్లలందరికీ ఈ రోజు పాడు చేశాను."

తొమ్మిది రోజులు ఆ చలిలో నిలబడిన మనిషి ఇప్పుడు అందరి ముందూ తలవంచుకున్నాడు.

"మీ నాన్నకి చేతకాలేదా?" అని ఓయివ మెల్లగా అడిగాడు. వెక్కిరించడానికి కాదు, తెలుసుకుందామనే.

కెర్తు నడుచుకుంటూ మైదానం మధ్యకు వెళ్లింది.

"నాన్న తప్పు కాదు. నిన్న నేను దిగాను."

"ఏంటమ్మా? వినపడలేదు," అంది ఐలా మామ్మ.

మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కంటే రెండోసారి చెప్పడమే కష్టమైంది. "తాడు కింద నుంచి దూరి నేనే దిగాను. అవి నా బూట్ల గుంటలు."

ఇంకెవరూ నవ్వలేదు. నాన్న టోపీ మళ్లీ పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"నిన్ననే చెప్పాల్సింది."

"అవును."

"సరే. బకెట్ పట్టుకురా."

నాన్న పని చెప్పాడే గాని చెయ్యి వేయలేదు. కెర్తు బుడిపెలను గీకి చదును చేసింది. గుంటల్లో మంచు కూరి, నీళ్లు పోసి, చపాతీ పిండిలా అదిమింది. ఓయివ పారతో మంచు తెచ్చిచ్చాడు. మూడో గుంట సరిగ్గా రాలేదు. తవ్వి తీసి మళ్లీ పూడ్చింది. ఐదూ అయ్యేసరికి చేతి తొడుగులు అప్పడాల్లా బిగుసుకుపోయాయి.

అప్పుడు నాన్న పైన పలచగా ఒక పొర పోశాడు. చీకటి పడేదాకా కెర్తు తాడు దగ్గరే కాపలా ఉంది. తమ్ముడు ఆతు దూరబోతే కోటు పట్టుకుని వెనక్కి లాగింది.

ఆదివారం మైదానం నిండా జనం. నల్లటి ఐసులో ఐదు తెల్లటి మచ్చలు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. కుర్చీని ఆసరాగా తోసుకుంటూ స్కేటింగ్ నేర్చుకుంటున్న ఐదేళ్ల పాప వాటి ముందు ఆగిపోయింది.

"అక్కా, ఇవేంటి?"

పక్కనున్నవాళ్లంతా వింటున్నారు. కెర్తు చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు.

"నా అడుగులు. దిగకూడని రోజు దిగాను. మళ్లీ నేనే పూడ్చాను."

"నేను పడిపోనా?"

"పడవు. పొద్దున్నే ఒక్కొక్కటీ తడిమి చూశాను. పద."

కెర్తు కుర్చీకి ఒక పక్క చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తోశారు. మొదటి మచ్చ దాటింది. రెండోది, మూడోది. కుర్చీ ఎక్కడా కుదుపు లేకుండా సాగిపోయింది.

ఐదోది దాటాక పాప వెనక్కి తిరిగి చూసింది.

"ఇంకోసారి దీని మీదుగానే వెళ్దామా?"