ముడులేసిన వైర్లు

"మీ వైర్లు ఖరాబున్నయి. ఇది మూడో బోర్డు మాడిపోవుడు!" నరేందర్ కాలిన బోర్డును కౌంటర్ మీద పెట్టాడు.

సూర్యాపేటలో సైదయ్య నడిపే ఎలక్ట్రానిక్స్ షాపులో కౌంటర్ ఆయన పెద్దకూతురు నవనీతదే. బోర్డు వాసన చూసి మూతి తిప్పుకుంది.

"ఎర్రది ప్లస్, నల్లది మైనస్, ఆకుపచ్చది సిగ్నల్ అని చెప్పిన గదా?"

"అట్లనే పెట్టిన."

"గిది ఎరుపా? కండ్లు యాడ వెట్టుకున్నవ్?"

ఆమె మీదే పెట్టుకున్నాడు. ఆ మాట అనలేక మబ్బు మీదికి నెట్టాడు. "మబ్బువట్టి సక్కగ కనవడలే."

నరేందర్ తన ఊరు మోతెలో ఇంటి నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం చేస్తున్నాడు. ఇవే బోర్డులు అతను పనిచేసే మిర్యాలగూడలోనూ దొరుకుతాయి. అయినా ప్రతి ఆదివారం సూర్యాపేట బస్సే ఎక్కుతాడు.

పోతూ పోతూ ధైర్యం కూడగట్టుకున్నాడు. "నీకు గీ ఎర్ర డ్రెస్ మస్తుంది."

నవనీత తన ఆకుపచ్చ డ్రెస్ చూసుకుంది. ఎర్ర డ్రెస్ వేసుకున్నది వెనకాల సామాను సర్దుతున్న చెల్లెలు లత!

"పోయి దానికే చెప్పు! నాకెందుకు?"

నరేందర్‌కు వారమంతా అన్నం సయించలేదు. నిజం చెబితే నవ్వుతుంది, చెప్పకపోతే ఇక మాట్లాడదు.

మళ్లీ ఆదివారం వానలో తడుస్తూ వచ్చి అలారం డబ్బా విప్పాడు. లోపల అన్నీ తెల్ల వైర్లే. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, సిగ్నల్ వైరుకు మూడు.

"గిదేం కథ?"

"మా అమ్మ విత్తనాల మూటలకు గిట్లనే గుర్తు పెడతది. సన్న వడ్లకు ఒక ముడి, దొడ్డు వడ్లకు రెండు." గొంతు తగ్గించాడు. "నాకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్క తీరుగనే కనవడ్తయి. నవ్వుతవని చెప్పలే."

నవనీత నవ్వలేదు. "మరి డ్రెస్?"

"లతను సూడనే లేదు. నిన్నే సూసిన. రంగు సూడలే."

ఆమెకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. "జర ముందే చెప్పొద్దా? ఇన్ని తిట్లు ఉత్తగనే పడ్డవ్!" అంటూ సెన్సర్‌ను గ్లాసు నీళ్లలో ముంచింది. అలారం షాపు అదిరేలా మోగింది.

ఆ మోతకు సైదయ్య లోపలి నుంచి వచ్చాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో! ముడులన్నీ వేలితో తడిమి చూశాడు.

"మూడు ముళ్లు గట్టిగనే ఏసినవ్ పిలగా. మీ అమ్మనాయినలను తోలుకరా."

తర్వాత కూతురి వైపు తిరిగాడు. "పెండ్లి చీర మాత్రం నువ్వే సూసి కొనుక్కో బిడ్డా."