భయం మింగిన మార్కులు

ఒకప్పుడు పరీక్షకు వెళ్లే పిల్లలకు ఇంట్లోవాళ్లు ఎదురొచ్చి, చల్లగా దీవించి పంపేవారట. 2081లో గుంటూరు పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఆ ముచ్చట లేదు. పొద్దున్నే తల్లిదండ్రులు బారులు తీరి కన్నబిడ్డల్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు.

దీనంతటికీ కారణం డాక్టర్ శర్వాణి. పాపం, ఆవిడ మేలే చేయబోయింది. క్లాసులో మాస్టారి అరుపులకూ, ఇంట్లో పరువు గోలకూ బెదిరిపోయి వచ్చినవి కూడా మరిచిపోయే పిల్లల కోసం 'జంకుమాపకం' కనిపెట్టింది. చెవి వెనక అంటించే కందిగింజంత సెన్సర్ అది. చెమటలో కార్టిసోల్ అనే బెదురు హార్మోన్‌నూ గుండె వేగాన్నీ చూసి, భయం ఎన్ని మార్కులు మింగిందో లెక్కకట్టి తిరిగి కలుపుతుంది. భయపెట్టే బడులు సిగ్గుపడి మారతాయని ఆవిడ ఆశ. మనవాళ్లా మారేది? రెండేళ్లు తిరక్కుండానే కాలేజీలు బెదిరింపుకు ఒక పీరియడ్ పెట్టాయి. బెదురు అలవాటైన పిల్లలు రాసేది రాస్తూనే ఉన్నారు, భయం పేరిట కలిసే మార్కులు కలుస్తూనే ఉన్నాయి.

ఆవిడ కూతురు ఇందుజకు చిన్నప్పటి నుంచీ తిట్టంటే ఏమిటో తెలియదు. అందుకే నిరుడు ఆరు మార్కుల తేడాతో పశువైద్యం సీటు పోయింది.

"అమ్మా, ఒక్కసారి తిట్టవే. అందరి అమ్మలూ తిడుతున్నారుగా," అంది గేటు దగ్గర.

"దద్దమ్మా! ఎందుకూ పనికిరావు నువ్వు!" అంది శర్వాణి.

తల్లీకూతుళ్లిద్దరికీ నవ్వొచ్చింది. చెవి వెనక జంకుమాపకాన్ని చదివే గేటు దగ్గరి యంత్రం మాత్రం నవ్వలేదు.

"నిజమైన జంకు లేదు. కలిసే మార్కులు సున్నా."

ఇందుజ నవ్వు ఆగిపోయింది. "ఇదే ఆఖరి ఛాన్సమ్మా. నాకు నిజంగా గుచ్చుకునేది ఏదైనా అను. నీకు తెలిసే ఉంటుంది."

మొదటి గంట మోగింది. శర్వాణికి తెలుసు. పద్దెనిమిదేళ్లుగా పెదవి దాటనివ్వని మాట అది. చివరికి అనేసింది.

"నువ్వు కడుపున పడ్డప్పుడు వద్దనుకున్నానే. మీ నాన్న కాళ్లావేళ్లా పడితే కన్నాను."

ఇందుజ ముఖం పాలిపోయింది. "తిట్టమన్నా గానీ... అబద్ధం కదమ్మా?"

శర్వాణి తల దించుకుంది.

"కలిసే మార్కులు పద్నాలుగు," అంది యంత్రం. ఇందుజ వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

వెనక వరుసలోని ఒక తండ్రి ఆత్రంగా ముందుకొచ్చాడు. "ఏమన్నారండీ మేడమ్? కాస్త చెబుదురూ, మా అమ్మాయినీ అదే మాట అంటాను."