ఏడో లైను అంకె

పన్నెండున్నరకు భోజనాల గంట మోగింది. ఏడో లైను గోడ మీద నలభై ఒకటి దగ్గర వెలుగుతున్న అంకె, నూకరత్నం డబ్బా మూత తీయగానే నలభై ఆరుకు ఎగబాకింది.

పెరుగన్నం మీద రెండు ఊరమిరపకాయలు కళ్లలా, వాటి కింద ఒక మామిడికాయ బద్ద వంకర నవ్వులా అమర్చి ఉన్నాయి. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. బల్ల చుట్టూ ఉన్న ఇరవై తొమ్మిది తలలూ ముందుకు వంగాయి.

"నిన్న మీసాలెట్టాడు. ఇయాల కన్ను కొడతన్నాడేటే?" అంది ఒకామె.

"ఒలే, మూసీయే ఆ డబ్బా," అంది లైనుకి పెద్దదిక్కు అప్పలకొండ. కోపంగానే అనబోయింది గాని పెదవి చివర మాట వినలేదు. "మీ ఆయన పెరుగన్నంతో మన కొంప ముంచేత్తన్నాడు. అంకె సూడు."

రత్నం గబుక్కున మూత పెట్టేసింది. పెళ్లయి నాలుగు నెలలు. తన సంతోషానికి ముప్పై మందీ శిక్ష అనుభవిస్తున్నారన్న సంగతి ఆమెకు అన్నం సహించనివ్వడం లేదు.

అది 2081వ సంవత్సరం. భీమిలి తీరంలోని ఆ ఫ్యాక్టరీలో ఎండను కరెంటుగా మార్చే సోలార్ బట్ట కుడతారు. జనం దాన్ని ఎండగుడ్డ అంటారు. పొరుగు దేశాలకు తరలిపోతున్న ఆర్డర్లను ఆపడానికి ప్రభుత్వం పదేళ్ల కిందట సమ్మెలనూ సంఘాలనూ రద్దుచేసి, వాటి స్థానంలో తృప్తిమాపకాన్ని పెట్టింది. ప్రతి మణికట్టుకూ ఒక పట్టీ. అందులోని సెన్సర్ చెమటనూ నాడినీ గొంతులోని వణుకునూ చదివి సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె వేస్తుంది. ఎవరి అంకె ఎంతో వారికే తెలియదు. గోడ మీద కనిపించేది లైను సగటు మాత్రమే. నెల సగటు నలభై కంటే కిందికి దిగితే ఆ లైను అడిగింది ఫ్యాక్టరీ అంతటికీ ఇచ్చి తీరాలి. దిగకపోతే 'మీరు తృప్తిగానే ఉన్నారు' అని కాగితం వస్తుంది. "నోరు అబద్ధమాడగలదు, చెమట ఆడలేదు" అని ఆ యంత్రాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞురాలు అన్న మాట గేటు మీద చెక్కి ఉంది.

ఏడో లైను అడిగింది ఒక్కటే. రోజు పనిలో తొమ్మిదో గంట తీసేసి, సాయంత్రం ఆరుకు బదులు అయిదుకు వదలమని. మూడు నెలలుగా నలభై మూడు, నలభై రెండు, మళ్లీ నలభై మూడు. మూడుసార్లూ అదే కాగితం.

ఆ గంట అందరికంటే ఎక్కువగా కావలసింది రత్నానికే. భర్త గౌరినాయుడు సముద్రపు నీటిని మంచినీరు చేసే పడవ మీద రాత్రి డ్యూటీ చేస్తాడు. పొద్దున అతను దిగే బస్సూ ఆమె ఎక్కే బస్సూ కూడలిలో కలుసుకుంటాయి; పడవ వంటగదిలో అతను సర్దిన డబ్బా అక్కడ చేతులు మారుతుంది. సాయంత్రం ఆరుకు ఆమె గేటు బయటికి వస్తే, ఆరూ పదికి అతని బస్సు. వారం సెలవు ఇద్దరికీ లేదు. వాళ్ల కాపురమంతా ఆ పది నిమిషాలే.

"ఈ నెలంతా నాతో దెబ్బలాడు," అని అడిగింది ఆ సాయంత్రం బస్టాపులో.

నాయుడు ఆమె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "నీ జడ అస్సలు బాగోలేదు," అన్నాడు చివరికి. "అంటే, ఇటేపు నుంచి. అటేపు నుంచి బాగానే ఉన్నాది."

"ఇదేటి దెబ్బలాటా?"

"నాకు సేతకాదే. మా అమ్మకే తెల్దు దెబ్బలాడ్డం." బస్సు వచ్చేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు రత్నం గోడ ముందు నిలబడి మాపకాన్నే అడిగింది. "నా పట్టీ తీసేత్తే?"

"చట్టం ఒప్పుకోదు," అంది యంత్రం. గొంతు మర్యాదగా ఉంది. "కానీ మీరు లైను మారవచ్చు. ప్యాకింగ్ షెడ్డులో మరచేతులను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. అది వేరే లైను కింద లెక్క."

రత్నం వెళ్లిపోతానంటే ఎవరూ వద్దనలేదు. అప్పలకొండ మాత్రం ఆమె స్టూలును తనే మోసుకెళ్లి షెడ్డులో పెట్టింది. "ఒక్క నెలే గుంటా," అంది. "అంతా నీ మంచికే."

షెడ్డుకూ కుట్టుహాలుకూ మధ్య ఒక అద్దాల కిటికీ, హాలు వైపున దాని పైన చుట్టి పెట్టిన ఒక తెర. ఇవతల మరచేతులు పెట్టెలు కడుతుంటాయి. అక్కడ మనిషి ఒక్కతే కాబట్టి, గోడ మీది సగటు ఆమె ఒక్కదానిదే. మొదటిరోజు మధ్యాహ్నం రత్నం డబ్బా మూత తీసి, చెవులున్న ఉప్మా పిల్లిని చూసి, తల ఎత్తింది. ముప్పై నాలుగు.

యంత్రం చెడిపోయిందనుకుంది.

నెలాఖరుకు ఏడో లైను సగటు ముప్పై. తొమ్మిదో గంట రద్దయింది. అయిదు గంటలకు ఎండ ఇంకా ఉండగానే గేటు తెరిచారు. రత్నమూ నాయుడూ సముద్రపు గోడ మీద గంటకు పైగా కూర్చుని, ఒక్క జొన్నపొత్తును చెరో పక్క నుంచి తిన్నారు. మధ్యలో ముక్కులు తగిలాయి. పెళ్లయ్యాక అలాంటి సాయంత్రం అదే మొదటిది.

మర్నాడు పొద్దున ఆమె షెడ్డులో యంత్రాన్ని అడిగింది. "ముప్పై మందిలో నానొక్కత్తిని. నావల్ల అంకె ఎంత పెరిగేది?"

"రెండుకు మించదు."

"మరి పదమూడు తగ్గిందేటి?"

"మిగతా పదకొండూ ఆ ఇరవై తొమ్మిది మందివి. పన్నెండు నుంచే వాళ్ల అంకె పెరగడం మొదలయ్యేది. మీ డబ్బాలో ఏముంటుందోనని. సాయంత్రం దాకా దిగేది కాదు."

రత్నం డబ్బా చేతిలోకి తీసుకుంది. "అయితే నాను ఇంక అక్కడికెళ్లి తినొచ్చు. గంట వచ్చీసింది గదా."

"ఉత్తర్వు అమల్లో ఉన్నంతకాలం ఏడో లైను అంకె ఒక్కసారి కూడా నలభై తాకకూడదు," అంది యంత్రం. "తాకితే ఫిర్యాదు తీరిపోయినట్టే లెక్క. తొమ్మిదో గంట తిరిగి వస్తుంది. ఆ లైనువారికీ ఈ సంగతి చెప్పాను."

పన్నెండున్నరకు గంట మోగింది. రత్నం డబ్బా తెరిచింది. నాయుడు ఇవాళ చాలా కష్టపడ్డాడు. ఇడ్లీ మొహం, జీడిపప్పు పళ్లు, కరివేపాకు జడ. జడ ఒక పక్కకే ఉంది. ఆమె గోడ వైపు చూసింది. ముప్పై మూడు.

డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అద్దానికి ఆనించి, జడ వాళ్లకు కనిపించేలా ఒంచి పట్టుకుంది. అవతల బల్ల దగ్గర ఒక తల తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఎవరో పక్కామెను మోచేత్తో పొడిచారు. ఏడో లైను గోడ మీద ముప్పై ఒకటి ముప్పై నాలుగయింది. ముప్పై ఆరు. ఇవతల రత్నం అంకె నలభై తొమ్మిది.

అప్పలకొండ లేచి వచ్చింది. ఇడ్లీ మొహాన్ని చూసింది, దాని పళ్లను చూసింది. పెదవి చివర మళ్లీ మాట వినలేదు. ముప్పై ఎనిమిది. ఆమె వెనక్కి తిరిగి గోడను చూసింది. కుట్టుమిషన్ల పక్కన గోడవార పేర్చి ఉన్న గుడ్డముక్కలను చూసింది. సాయంత్రం అయిదు తర్వాత పిల్లలకు స్కూలు సంచులు కుట్టుకుందామని ఎవరెవరో దాచుకున్నవి.

ముప్పై తొమ్మిది.

అప్పలకొండ అద్దం మీద రత్నం చేయి ఉన్నచోట తన చేయి ఒక్కసారి ఆనించి, రెండో చేత్తో తెర దించింది.