ఎవరూ ముట్టుకోని సెట్టింగు

"ఏం ముట్టుకున్నారండీ?" అంది మధులత, నీలంగా వెలుగుతున్న కంప్యూటర్ తెర వైపు చూస్తూ.

"ఏమీ ముట్టుకోలేదండీ," అన్నాడు మణిశంకర్.

పచ్చి అబద్ధం. బెంగళూరు కంపెనీకి ఇంట్లోంచే పనిచేసే బీటెక్ కుర్రాడతను. వెబ్‌సైట్లకి రంగులు మారుస్తాడు గానీ, కంప్యూటర్ మూత విప్పితే లోపలేముందో తెలీదు. తెలీదని ఒప్పుకోవడం ఏ సెమిస్టర్‌లోనూ నేర్పలేదు మరి. పొద్దున్న ఎవడో వీడియోలో చెప్పాడని విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగుల్లోకి దూరి, డిస్క్‌ని నడిపే మోడ్‌ని రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చేశాడు. అప్పట్నుంచీ విండోస్ లేవడం లేదు.

ఆ సిస్టం వాళ్ళ నాన్న మార్కండేయులు సిద్ధాంతి గారిది. ఆర్నెల్లు కూర్చుని కట్టిన వచ్చే ఏటి పంచాంగం అందులోనే ఉంది. సాయంత్రానికి రాజమండ్రి ప్రెస్సుకి చేరాలి.

"పెన్‌డ్రైవ్‌లో కాపీ లేదా?"

"పెన్‌డ్రైవ్ ఉందండీ."

"అందులో ఏముంది?"

"సినిమాలు."

సిద్ధాంతి గారు విసుగ్గా లేచారు. "పోయిన నెల నువ్వు వేసిన కొత్త డిస్కే పోయుంటుందమ్మాయ్. మావాడూ అదే అంటున్నాడు. త్రిమూర్తులుకి ఇందాకే ఫోన్లో చెప్పాను, ఆ పిల్ల దగ్గరికి ఎవర్నీ పంపకని."

త్రిమూర్తులుది కొవ్వూరు బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు. అతని చెవిన పడిన మాట బస్సు బ్రిడ్జి దాటేలోపు ఊరంతా తిరుగుతుంది. మధులత కంప్యూటర్ రిపేరు షాపు తెరిచి నాలుగు నెలలే అయింది. ఈ మాట అంటుకుంటే ఐదో నెల ఉండదు.

ఆమె సిస్టం ఆపి, మళ్ళీ వేసి, సెట్టింగుల పేజీ తెరిచింది. ఒక లైను దగ్గర ఆగింది. డిస్క్ వేసిన రోజు ఆ పేజీకి తీసుకున్న ఫోటో ఫోన్లో చూసుకుంది. తర్వాత మణిశంకర్‌ని చూసింది.

ప్రేమకథల్లో రాసే చూపు కాదది. కూరలో పురుగు కనిపిస్తే వండినవాడి వైపు చూసే చూపు.

"మోడ్ మారిందండీ. విండోస్ పాత మోడ్‌కే అలవాటు పడుంది. ఇలా మారిస్తే డిస్క్ ఎదురుగా ఉన్నా దానికి కనిపించదు. డిస్క్‌కేం కాలేదు. ఇది దానంతట అది మారదు, ఎవరో మార్చాలి."

"ఎవరు మార్చారమ్మా?"

ఫోటో చూపిస్తే తను మార్చలేదని తేలిపోయేది. మధులత ఫోన్ తీసి బ్యాగులో పడేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

మణిశంకర్ ఒకసారి ఆ బ్యాగు వైపు, ఒకసారి నాన్న వైపు చూశాడు.

"నేనే నాన్నా," అన్నాడు మణిశంకర్.

"ఎందుకురా?"

"స్పీడు పెరుగుతుందని..."

"సిద్ధాంతి గారికి స్పీడెందుకండీ?" అంది మధులత. "గ్రహాలేమైనా తొందరపడుతున్నాయా?"

మోడ్ వెనక్కి మార్చింది. విండోస్ లేచింది. సినిమాలు చెరిపించి పంచాంగం ఎక్కించింది. "తొందరపడి నోరు జారానమ్మా, ఏమీ అనుకోకు," అని సిద్ధాంతి గారు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఆటో ఎక్కారు.

"మోడ్ మార్చాలని అంత సరదా ఉంటే పద్ధతిగా మార్చండి," అని మధులత మౌస్ అతని చేతికిచ్చింది. "ముందు విండోస్‌లో సేఫ్ మోడ్‌కి టిక్కు పెట్టండి. రీస్టార్ట్ చేసి, అప్పుడు బయోస్‌లో డిస్క్ మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో లేస్తే కొత్త డ్రైవర్ అదే చూసుకుంటుంది. ఆ తర్వాత టిక్కు తీసేయండి. వీడియోలో చెప్పలేదా ఇది?"

"చివరిదాకా చూళ్ళేదండీ."

"తెలుస్తూనే ఉంది."

ఈసారి సిస్టం బుద్ధిగా లేచింది.

"ఇప్పుడు త్రిమూర్తులు గారికి ఫోన్ కొట్టండి. స్పీకర్ పెట్టండి."

"నాన్నగారు చెప్తార్లెండి."

"చెడగొట్టింది నాన్నగారా?"

చేశాడు. "బాబాయ్, డిస్క్ మంచిదే. నేనే చెడగొట్టాను. మధులత గారు బాగుచేశారు."

"నువ్వు బీటెక్ కదరా!"

"అందుకే బాబాయ్."

మధులత నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు పట్టుకుని అతను స్కూటీ దాకా వెంటొచ్చాడు.

"రేపు మీ షాపుకి రావచ్చాండీ? రిపేరు నేర్చుకోవడానికి."

"నేర్చుకోవడానికేనా?"

అవునని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"కాదండీ. మీ కోసం."

మధులత హెల్మెట్ పెట్టుకుంది. "పర్లేదే, ఈసారి అడగ్గానే నిజం చెప్పేశారు. పదింటికి తెరుస్తాను, రండి."