గొంతు దిగని గడ్డి

అమావాస్య మిట్టమధ్యాహ్నం... నడినెత్తిన ఉండాల్సిన సూర్యుణ్ణి కారుమేఘం ఎప్పుడో మింగేసింది. మానవపాడు దాటాక వచ్చే నల్లరేగడి చేల మీద ఉరుము మీద ఉరుము! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది.

కొట్టంలో చంద్రి నిలువెల్లా వణికిపోతోంది. గద్వాల నుంచి రాయచూరు దాకా ఎందరో పెళ్లికొడుకులను మోసిన తెల్లగుర్రం అది. దాని నోటినిండా పచ్చిక. నములుతోంది... నములుతూనే ఉంది... ఒక్క పరక కూడా గొంతు దిగడం లేదు. ముక్కు నుంచి పచ్చటి నీళ్లు ధారకట్టాయి. కనురెప్పలు సగానికి వాలిపోయాయి.

అమృతమ్మ దాని మెడ నిమురుతూ ఏడుపు ఆపుకుంటోంది. తొలకరి పడ్డప్పటి నుంచి ఇదే రోగంతో రెండు గుర్రాలు పోయాయి. ఇక మిగిలింది ఇదొక్కటే.

పశువుల డాక్టరు క్రాంతి కుమార్ చంద్రి డొక్క పరీక్షించి లేచాడు. పేగుల్లో కదలిక లేదన్నాడు. మేతలోంచి వచ్చే రోగమట. నరాలు చచ్చుబడి మింగే శక్తే పోతుందట. మందు లేదట.

"ఇంటెనక బీడులనే మేపుతున్నరు గదమ్మా? ఆ గడ్డిలనే ఏదో ఉన్నది. ఇగ అటు ఇడువొద్దు."

"గడ్డిల ఏముంటది సారూ, ఇది బాణామతి," అన్నాడు అమృతమ్మ ఇంటాయన, వసారాలో మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తుంచుకుంటూ. పాన్‌గల్ వెంకట్రాములుకు కూడా పెళ్లిగుర్రాలున్నాయి. బేరాలన్నీ ఇటే వస్తున్నాయన్న కడుపుమంటతో వాడే చేయించాడని ఆయన వాదన.

ఆయన తింటుంటే చూడటమే అమృతమ్మకు ఊరట. ఎండాకాలమంతా గొంతులో పుండుతో గుక్కెడు గంజి కూడా దిగక ఎముకల గూడైన మనిషి. పెద్ద దవాఖాన వాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపారు. అలాంటిది, వానలతో పాటే తిండి దిగసాగింది. జోగులాంబకు మొక్కిన మొక్కు ఫలించిందనుకుందామె.

అంతలో ఇంట్లో ఎవరికో పొలమారింది!

మనుమరాలు శ్రీవాణి... ముంబైకి పనికి పోయిన కొడుకూ కోడలూ అమృతమ్మ చేతుల్లో పెట్టి వెళ్లిన ఎనిమిదేళ్ల పిల్ల... కంచం ముందు బిత్తరచూపులు చూస్తోంది. నోట్లో ముద్ద. నములుతోంది... నములుతూనే ఉంది... చిన్న ముక్కులోంచి పచ్చటి చుక్క ఒకటి జారి కంచంలో పడింది!

"పిల్ల గడ్డి తినలే గద సారూ," అంది అమృతమ్మ.

డాక్టరు ముఖం పాలిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తూ, దారి చూపడానికి రోడ్డు మీదికి పరుగెత్తాడు.

అమృతమ్మ గడ్డపార అందుకుని బీడులోకి పరుగు తీసింది. ఆ గడ్డిలనే ఏదో ఉన్నదన్నడు డాక్టరు... బాణామతే అయితే, పాతిపెట్టింది అక్కడే ఉండాలి! ఒకచోట పచ్చిక మరీ గుబురుగా, నలుపు తిరిగిన పచ్చదనంతో నిగనిగలాడుతోంది. కింద మన్ను మెత్తగా ఉంది. పొడిచింది. ఎముక!

గుర్రపు కపాలం... విరిగిన ముందుపన్ను చూసి పోల్చుకుంది. నిరుడు ముసలితనంతో చచ్చిన తమ గుర్రం రాజుది. నుదుటి ఎముకకు కుంకుమ. తెరుచుకున్న దవడల నిండా జొన్నరొట్టె తునకలు. పైనున్న తునకకు పల్లి పచ్చడి ఇంకా తడిగా అంటుకుని ఉంది. పొద్దున ఆమె నూరిన పచ్చడే!

రోజూ మొదటి తునక కాకులకంటూ తువ్వాలలో కట్టుకుని ఇటు నడిచే మనిషి ఒక్కరే.

చినుకులు మొదలయ్యాయి. ఆమె కపాలాన్ని తెచ్చి మంచం ముందు పెట్టింది. ఆయన దాచలేదు. తుంగభద్ర ఒడ్డున ఒక మంత్రగాడు చెప్పిన క్షుద్రవిద్య అది. మింగే శక్తిని ఒక్కో ప్రాణి నుంచీ లాక్కుంటే ఈ గొంతు తెరుచుకుంటుంది. గుర్రాలు అయిపోతే... ఇంటి రక్తం!

"ఆకలైతుందే నాకు. ఎన్ని దినాలు ఎండిననో నీకెరుకనే గద."

"పిల్లను ఇడిచిపెట్టు."

ఆయన నవ్వాడు. "ఇడిపిచ్చే తొవ్వ ఒక్కటే. నాకు కూడు పెట్టిన చెయ్యి ఆ పుర్రెను పట్టుకోని, నన్ను పేరు పెట్టి గట్టిగ పిలువాలె. నలభై ఏండ్ల సంది పిలిచినవా? పిలిస్తే నీ తాళి నువ్వే తెంపుకున్నట్టు."

మగని పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని చెప్పి పెంచింది ఆమె తల్లి. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలిస్తే, తల వంచుకుని, సిగ్గుతో ఒక్కసారి అన్న పేరు. ఓటరు కార్డు రాసినవాళ్లకు కూడా పక్కింటామె చేత చెప్పించింది.

లోపల శ్రీవాణి కనురెప్పలు సగానికి వాలాయి. అచ్చం చంద్రిలాగే...

అమృతమ్మ రెండు చేతులా కపాలాన్ని ఎత్తింది. జోగులాంబను తలుచుకుని ఆ పేరును పెదవుల్లోనే అనుకుంది. అంతే! ఆ తల్లి కొలువున్న అలంపురం దిక్కున ఆకాశం చీలినట్టు మెరిసింది. కపాలం ఫెళ్లున బీటలు వారింది. ఆయన నోట్లో రొట్టె ఆగిపోయింది. నమిలాడు... నములుతూనే ఉన్నాడు... ముక్కులోంచి పచ్చటి ధార! లోపల పిల్ల గుటక వేసిన చప్పుడు. కొట్టంలో చంద్రి సకిలింపు. పేరు ఇంకా పైకి పిలవలేదు గనక, పిల్ల రెప్పలు మాత్రం సగం వాలే ఉన్నాయి.

మాట పెగలని ఆయన, వద్దని రెండు చేతులూ జోడించాడు. పెళ్లినాడు గుర్రం దిగి గడప ముందు నిలబడి, తన పేరు వినాలని నవ్వుతూ చూసిన కళ్లవి.

అమృతమ్మ చూపు తిప్పుకోలేదు. ఏడుస్తూనే, ఊరంతా వినబడేలా పిలిచింది.

"నాగప్పా!"